ముందు వాణ్ణి దిగమను

చేద పైకి వచ్చేసరికి సగం నీళ్ళు బావిలోనే ఒలికిపోతున్నాయి. ఆ ఎండాకాలం నీళ్ళు అంత లోతుకు పోయాయి. శౌరయ్య చేదను గట్టు మీద ఆనించి ఊపిరి తీసుకుని, కడవ నింపి ఎడమ భుజానికి ఎత్తుకున్నాడు. పెళ్ళికి ముందు నుంచీ ఆ భుజమే మోస్తోంది. అందుకే అది కుడి భుజం కంటే కాస్త కిందికి జారి, వెనక నుంచి చూసినవాళ్ళకు అతను ఎప్పుడూ ఎవరి మాటో వినడానికి వంగినట్టు కనిపిస్తాడు.

ఫాదర్ గారి గుడిలో గంట కొట్టేదీ, వాకిలి ఊడ్చేదీ, ఊళ్ళో ఎవరైనా పోతే గొయ్యి తవ్వేదీ అతనే. ఇప్పుడు కొత్త బడి గోడలకు నీళ్ళు కొట్టే పని కూడా వచ్చి చేరింది. ముంతతో చల్లగానే గోడ ఆ నీళ్ళను చప్పుడు చేస్తూ తాగేసేది. తడి మచ్చ చూస్తూ ఉండగానే తెల్లబడేది. రోహిణి కార్తె వెళ్ళిపోయినా రెంటచింతల చుట్టుపక్కల ఎక్కడా వాన జాడ లేదు.

బడి కడుతున్నది ఇటలీ నుంచి వచ్చిన దొరలు. నాలుగు జతలు, జతకో తండ్రీ కొడుకూ. వాళ్ళ గుడి తరఫున సేవ చేయడానికని, అక్కడ సెలవులు ఇవ్వగానే బయలుదేరి వచ్చారు. మేస్త్రీ పక్కన నిలబడి ఇటుకలు పేరుస్తారు, ఇసుక జల్లిస్తారు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకుని నవ్వుకుంటారు.

నవ్వనిది ఒక్క జతే. తండ్రి పేరు పావోలో. నెరిసిన జుట్టు, పొడుగాటి మనిషి. వాళ్ళ దేశంలో పోస్టుమాన్ అట. కొడుకు లూకాకు ఇరవై ఏళ్ళుంటాయి. జుట్టు భుజాల దాకా పెంచాడు. ఇద్దరూ గోడ వెంట కర్రలతో కట్టిన ఒకే సారువ మీద, పరిచిన బల్లల ఈ కొసన ఒకరూ ఆ కొసన ఒకరూ నిలబడి పని చేస్తారు. రోజంతా ఒక్క మాట ఉండదు. "ఆ కుర్రోడు రానంటే తండ్రే బతిమాలి తీసుకొచ్చాడంట" అని ఫాదర్ గారు భోజనాల దగ్గర ఎవరితోనో అంటుంటే శౌరయ్య విన్నాడు.

ఆ ఇద్దరినీ చూసినప్పుడల్లా శౌరయ్య చూపు తనకు తెలియకుండానే మాలు తొట్టి వైపు పోయేది. అక్కడ పారతో సిమెంటూ ఇసుకా కలుపుతున్నవాడు అతని కొడుకు మరియన్న.

మరియన్న పదో తరగతి మొదటి శ్రేణిలో పాసయ్యాడు. గుంటూరు బోర్డింగులో సీటుకు ఒక్క మాట చెప్పమని అప్పటి ఫాదర్ గారిని అడగడానికి తండ్రిని పంపించాడు. శౌరయ్య తువ్వాలు చంకలో పెట్టుకుని ఆయన వసారాలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. ఫాదర్ గారు బయటికి వచ్చి "ఏం శౌరయ్యా?" అన్నారు. "ఏం లేదండీ, గంట తాడు పాతదైపోయింది" అని చెప్పి ఇంటికి వచ్చేశాడు. నోరు అంతవరకే పెగిలింది. కొడుక్కి ఆ సంగతి తెలిసింది. మర్నాడు పార పట్టుకున్నాడు. తల్లి అంతోనమ్మ బతికున్నన్నాళ్ళూ ఇద్దరి మధ్యా ఆమే మాటలు మోసింది. ఆమె పోయాక మోసేవాళ్ళు లేరు.

ఎండ నడినెత్తికి రాకముందే పని ఆపాలని ఫాదర్ గారి ఆజ్ఞ. ఆ రోజు ఆయన సిమెంటు కోసం మాచర్ల వెళ్ళారు. మేస్త్రీ దిగిపోయాడు. మిగిలిన దొరలు వసారాలో చాపల మీద పడుకున్నారు. సారువ మీద ఆ తండ్రీ కొడుకులు మాత్రం దిగలేదు.

శౌరయ్య కడవ దించి పైకి చూశాడు. పావోలో మొహం కందగడ్డలా ఎర్రబడింది. ఇందాకటి వరకూ ధారగా కారిన చెమట ఇప్పుడు లేదు. చొక్కా వీపు మీద ఎండిపోయి ఉప్పు చారలు కట్టింది. ఇటుకను ఒకసారి పెట్టి, తీసి, మళ్ళీ అక్కడే పెడుతున్నాడు.

"దొరా, దిగండి" అన్నాడు శౌరయ్య చేత్తో సైగ చేస్తూ.

పావోలో నవ్వి చెయ్యి ఊపాడు.

శౌరయ్య వెనక్కి తిరిగాడు. నీళ్ళ తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్న కొడుకు ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"ఒరేయ్ మరియన్నా, ఆ దొరకు చెప్పరా, దిగమని. నాకు భయంగా ఉందిరా."

మరియన్న తలెత్తి తండ్రిని చూశాడు. తర్వాత సారువను చూశాడు. పరుగున వెళ్ళి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో అరిచాడు. పావోలో అర్థమైనట్టు తల ఊపి, బల్ల ఆ కొసన ఉన్న కొడుకు వైపు వేలు చూపించాడు. లూకా ఇటు తిరగకుండానే తండ్రి వైపు వేలు చూపించాడు.

"ముందు వాణ్ణి దిగమంటన్నాడు నాయనా. వాడేమో ముందు ఆయన్నే దిగమంటన్నాడు."

"మళ్ళీ చెప్పరా."

మరియన్న మళ్ళీ చెప్పాడు. నిచ్చెన ఎక్కుతూ ఇంకోసారి చెప్పాడు. అతను పైకి చేరేలోపే పావోలో గోడకు జారగిలబడి, అలసిపోయినవాడు కూర్చున్నంత నెమ్మదిగా బల్ల మీద కూర్చుండిపోయాడు.

అందరూ కలిసి కిందికి దించి వేపచెట్టు నీడలో పడుకోబెట్టారు. ఒంటి మీద చెయ్యి వేస్తే కాలింది. ఒకడు బస్సు ఆపడానికి రోడ్డు మీదికి పరుగెత్తాడు. శౌరయ్య కడవలు కడవలు తెచ్చి పోశాడు. గుడ్డలు తడిపి వేశాడు. పోసిన నీళ్ళు నేలలోకి ఇంకిపోతున్నాయి గాని ఆ ఒళ్ళు చల్లబడలేదు. లూకా తండ్రి తలను ఒళ్ళో పెట్టుకుని ఏదో మాట్లాడుతున్నాడు. ఆగకుండా, తొందర తొందరగా, అన్నాళ్ళూ మాట్లాడని మాటలన్నీ ఇప్పుడే చెప్పెయ్యాలన్నట్టు.

బస్సు హారన్ దూరంగా వినిపించింది. అప్పటికి పావోలో ఛాతీ కదలడం లేదు. శౌరయ్య పోస్తున్న చెయ్యి ఆపాడు.

లూకా శౌరయ్య చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు. శౌరయ్య బిక్కమొహం వేశాడు. లూకా అదే మాట మళ్ళీ అడిగాడు.

"ఏమంటన్నాడ్రా?"

"ఇంగ్లీషు కాదు నాయనా. నాకు తెలవదు."

తోటి దొరలు లూకాను దగ్గరికి తీసుకున్నారు.

సాయంత్రానికి ఫాదర్ గారు వ్యాను తెచ్చారు. శవాన్ని గుంటూరుకీ, అక్కడి నుంచి హైదరాబాదుకీ తీసుకుపోతారని చెప్పారు. ఊళ్ళో ఎవరు పోయినా గొయ్యి తవ్వేవాడు శౌరయ్యే. ఇప్పుడు అతను చెయ్యడానికి ఆ పని కూడా లేదు. దొరలందరూ సంచులు సర్దుకుని అదే వ్యానులో ఎక్కారు. దుమ్ము సర్దుకునే దాకా శౌరయ్యా మరియన్నా రోడ్డు మీదే నిలబడ్డారు.

"అన్నం తిన్నావా?" అన్నాడు మరియన్న.

"లేదురా. నువ్వో?"

"లేదు."

మరియన్న కాసేపు చెప్పుతో నేలను రాస్తూ నిలబడి ఇంటి దారి పట్టాడు. శౌరయ్య అతను మలుపు తిరిగేదాకా చూసి బడి వైపు నడిచాడు.

గోడలు ఎండిపోతున్నాయి. ఎవరు పోయినా వాటికి నీళ్ళు కొట్టాలి. అతను కడవ ఎత్తుకుని నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. బల్ల కొసన, పావోలో చివరగా పెట్టిన ఇటుక పక్కన, కుడి చేతి తోలు తొడుగు ఒకటి పడి ఉంది. సిమెంటు పట్టి బిగుసుకుపోయింది. చెయ్యి లేకపోయినా దాని వేళ్ళు ఇంకా ఇటుకను పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.