శివరాజు ఇంటి టెంకాయ

నీళ్ళు చూసేవాడికి టెంకాయ పొలం గలవాళ్ళే ఇవ్వాలి. దేవుడి ముందు పెట్టి, పసుపు రాసి ఇస్తారు. దాన్ని అరచేతిలో పడుకోబెట్టుకుని పొలమంతా నడిస్తే, నీళ్ళున్న చోట అది నిటారుగా లేస్తుంది. అక్కడ బోరు వేస్తారు. నీళ్ళు పడ్డాకే ఆ టెంకాయ కొట్టాలి. ముందే పగిలిందా, ఇక ఆ పొలానికి అతను గుర్తు పెట్టకూడదు.

పావగడ తాలూకాలో ముప్పై ఏళ్ళుగా నరసప్ప పెట్టిన గుర్తులు లెక్కలేనన్ని. కొన్నిట్లో నీళ్ళు పడ్డాయి. వల్లూరులో తన సొంత పొలంలో మాత్రం నాలుగు చోట్ల బోరు వేసినా దుమ్మే లేచింది. ఆ పొలం ఇప్పుడు సోలారు పలకల కింద ఉంది. భార్య రత్న దూరం నుంచి బిందె మోసుకొస్తూ గట్టు మీద పడి, మళ్ళీ లేవలేదు. నరసప్ప ఆ నేలను క్షమించలేదు. తన టెంకాయ తప్పని మాత్రం ఒప్పుకోలేదు.

రేపు బలసముద్రం శివరాజు పొలంలో గుర్తు పెట్టాలి. సోలారు కంపెనీకి ఇవ్వకుండా మిగుల్చుకున్న ఒకే ఒక్క ఎకరం అది. శివరాజు ఇచ్చిన టెంకాయ తువ్వాలులో మూటకట్టుకుని, నరసప్ప కూతురితోనూ బామ్మర్దితోనూ బెలుం గుహలకు వచ్చాడు. రాత్రి ఆ బోడి రాతినేల మీదే బండి ఆపి, టార్పాలిన్ కింద పడుకున్నారు. పొద్దున్నే మూడు రాళ్ళ పొయ్యి మీద సంగటి కెలుకుతూ బామ్మర్ది ఓబులేశ్ మొదలుపెట్టాడు.

"ఏంది బావా, టెంకాయ కూడా టూరుకొచ్చినాదా? దానికీ టికెట్ తీయల్లేమో."

"నోరు మూసుకోని కెలుకు."

"ఊరుకో మామా," అంది కూతురు ధనుశ్రీ. సోలారు పలకలు కడిగే పనికి రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది ఆమె. తండ్రి ఈ ప్రయాణానికి ఎందుకు ఒప్పుకున్నాడో ఆమెకు తెలుసు. కింద నీళ్ళు ఉన్నాయని లోకమంతటికీ తెలిసిన చోట ఒక్కసారి టెంకాయ పట్టి చూసుకోవాలి. అక్కడ లేచిందంటే తప్పు టెంకాయది కాదు, వల్లూరు నేలది.

పైనుంచి చూస్తే గుహ ఏమీ లేదు. చదును నేలలో ఒక గొయ్యి, మెట్లు. పది అడుగులు దిగేసరికి ఎండ తెగిపోయింది. వెచ్చటి తడి గాలి ముఖానికి కొట్టింది. పసుపు దీపాల వెలుగులో గోడలు కనబడ్డాయి. నరసప్ప నడక ఆగిపోయింది.

రాయంటే అతనికి బోరు బండి చిమ్మే బూడిద. ఈ రాయి వేరు. కుండ లోపలి భాగంలా నున్నగా, ఎవరో అరచేత్తో తిప్పి తిప్పి తీసినట్టుంది. తలెత్తితే పైకప్పు మడతలు మడతలుగా పోతూనే ఉంది. ఒక దారి రెండై, రెండు నాలుగై చీకట్లోకి వెళ్ళిపోయాయి.

"ఎవురు చెక్కినారప్పా?" అన్నాడు గైడుతో.

"నీళ్ళే పెద్దాయనా. లక్షల ఏండ్లు."

నరసప్ప గోడను తాకాడు. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. ఇంత నీరు, ఇంత కాలం, ఎవరూ చూడకుండా, ఎవరినీ అడగకుండా.

అన్నిటికంటే అడుగున పాతాళగంగ. ఇనుప మెట్లు దిగారు. సన్నటి పాయ. ఎక్కడినుంచో వస్తోంది, మూరెడు దూరం మెరిసి, బండ కిందికి దూరి పోతోంది.

నరసప్ప తువ్వాలు విప్పాడు. టెంకాయను అరచేతిలో పడుకోబెట్టాడు. నీళ్ళు జానెడు దూరంలో ఉన్నాయి. టెంకాయ కదలలేదు.

ఇంకా ముందుకు వంగాడు. అప్పుడు అతని వేళ్ళు వాటంతటవే బిగుసుకోబోయాయి. చిటికెన వేలు టెంకాయను పైకి నెట్టబోయింది. అతను దాన్ని చూశాడు. ముప్పై ఏళ్ళుగా టెంకాయను లేపుతున్నది ఆ వేలి అలవాటే. బిగపట్టి ఆపాడు. టెంకాయ అలాగే పడుకుని ఉంది.

ఓబులేశ్ బావ చేతిలోని తువ్వాలు అందుకుని తన భుజాన వేసుకున్నాడు.

ధనుశ్రీ బండకు చెవి ఆనించింది. "నాయనా, ఈడ ఇనబడతాది. అమ్మ చెప్తాండ్య చూడు, అట్లే."

రత్న పొలంలోని రాతి గుండుకు చెవి పెట్టి, ఇక్కడ ఏదో పారుతోంది అనేది. చెవిలో గులిమి తీయించుకోమని నరసప్ప నవ్వేవాడు. ఆ గుండు ఇప్పుడు సోలారు కంచె లోపల ఉంది.

అతను మోకాళ్ళ మీద కూలబడి చెవి ఆనించాడు. మొదట తన రక్తం చప్పుడే వినబడింది. తర్వాత దాని వెనక, చాలా లోతున, ఆగకుండా, తొందర లేకుండా పోతున్న ఒక గొంతు. గైడు పిలిచినా లేవలేదు. రెండోసారి పిలిచాక కూతురు చెయ్యి పట్టి లేపింది.

పైకొచ్చి, పొయ్యి రాయి మీద టెంకాయ కొట్టాడు. ఒక్క దెబ్బకే రెండు చెక్కలైంది.

"అయ్యో, శివరాజుది కదా!" అన్నాడు ఓబులేశ్.

నరసప్ప ఫోను చేశాడు. "శివరాజూ, రేపు నేను రాను. బోరు బండోనికి రావద్దని చెప్పు."

"అదేందప్పా! టెంకాయ ఇచ్చినా కదా?"

"కొట్టేసినా."

"మరి నీళ్ళు యాడ ఉండాయో ఎవురు చెప్తారు?"

నరసప్ప కాళ్ళ కింది బోడి నేల వంక చూశాడు.

"నాకు తెల్దు," అన్నాడు. ఆ మాట అతను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.