పిలిస్తే పలకని పిల్ల

చొక్కాలకి కాజాలు కుట్టే ఆవిడ బస్టాండులో టికెట్టు కోసం పిల్ల చెయ్యి వదిలింది రెండు నిమిషాలే. తిరిగి చూస్తే ఐదేళ్ళ కూతురు లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి.

తోడు వచ్చిన ఇంటావిడ, అంటే వాళ్ళకి గది అద్దెకిచ్చినావిడ, "కంగారుపడకమ్మా, దొరుకుతుంది" అంది. మంచిదే ఆవిడ. కాకపోతే గది చూపించిన రోజున, "మీరు వాళ్ళ మనుషులు కాదుగా?" అని అడిగి మరీ తాళంచెవి ఇచ్చింది. ఊళ్ళో ఎవరూ ఇల్లివ్వని, వేరే భాష మాట్లాడే ఆ వాళ్ళే వీళ్ళు. కాదని బొంకింది కాజాలావిడ. అప్పటికే మూడిళ్ళు ఖాళీ చేయించారు, ఏం చేస్తుంది మరి? నలుగురిలో నవ్వడం కూడా ఊరివాళ్ళలాగే నేర్చుకుంది. సొంత మాట తలుపేసుకుని, గుసగుసగానే. పిల్లకీ రోజూ ఒకటే పాఠం: "గుమ్మం దాటాక మన మాటలో ఎవరు పిలిచినా తిరిగి చూడకు, పలక్కు. పలికావో, మనకి ఇల్లుండదు."

మైకు గదిలో గుమాస్తా, పిల్లని బడిలో రాయించిన పేరుతో, ఊరి భాషలో రెండుసార్లు పిలిచాడు. గంట గడిచింది. వచ్చే బస్సు వస్తోంది, పోయే బస్సు పోతోంది. ఎవరు ఎక్కించుకుపోయారోనని తల్లి ప్రతి బస్సూ ఎక్కి చూసొచ్చింది. ఇక ఆగలేక గుమాస్తా చేతిలోంచి మైకు లాక్కుంది. ఇంటావిడ పక్కనే ఉంది. ఉంటే ఉండనీ, ఇల్లు పోతే పోనీ అనుకుంది.

"ఒసే బుడంకాయా, అమ్మనే. ఎక్కడున్నావే తల్లీ, మైకు గది దగ్గరికి రావే."

సొంత మాట బస్టాండంతా మారుమోగింది. ఇంటావిడ మొహం మాడిపోయింది.

పిల్ల రాలేదు. గొంతు పోయేదాకా పిలిచింది తల్లి. చివరికి బస్టాండు ఊడ్చే ఆయన పిల్లని ఎత్తుకొచ్చాడు. ఇదే గది గోడ అవతల, బల్ల కింద, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చుందట.

"అంతలా పిలుస్తుంటే వినపడలేదుటే?" తల్లి గుండెకి హత్తుకుని ఏడ్చింది. ఆ ఏడుపూ సొంత మాటలోనే.

పిల్ల ఊరి భాషలో చెవిలో చెప్పింది. "నువ్వు కనపడలేదు. ముందు మైకులో ఎవరో అంకుల్ పిలిచాడు, భయమేసి దాక్కున్నా. తర్వాత పిలిచింది నువ్వేనని తెలుసు. అయినా పలకలేదు, చూశావా?"

తల్లి ఏదో అనబోయింది. పిల్ల చిన్న అరచెయ్యి ఆవిడ నోటికి అడ్డం పెట్టింది.

"మాట్లాడకమ్మా. ఇంటావిడ వింటోంది."