ఈ రంగుది ఒకటి

రెండో సీసా మూత బిగించి మూడోదాని మీద చెయ్యి వేసేసరికి వంటగదిలోంచి భార్య గొంతు వినిపించింది.

"అయిందా మీ రంగుల కొలువు? కాఫీ చల్లారిపోతోంది."

"తొందరపెట్టకే. ఇంకా తెలుపుల దగ్గరే ఉన్నాను."

కిటికీ గట్టు మీద తొమ్మిది బుల్లి గాజు సీసాలు వరసగా ఉన్నాయి. రంగుల కొట్టులో నమూనా పోసి ఇచ్చే సీసాలవి. వేడినీళ్ళలో మరిగించి, ఆరబెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. మాత్రలు కొన్నరోజునే ఒక్కొక్కదాన్నీ రేకులోంచి నొక్కి తీసి సీసాల్లో పోస్తాడు. రేకులు చెత్తబుట్టలోకి పోతాయి. లేత రంగుతో మొదలై ముదురు రంగుతో ముగిసే వరస. సున్నపు తెలుపు కొలెస్టరాలుకి. దాని పక్కన పాల తెలుపు, కిందటి నెలే కొత్తగా వచ్చి చేరింది. గుండె డాక్టరు సెలవులో ఉంటే షుగరు డాక్టరు రాసిచ్చినది. "ఇప్పుడేం వాడుతున్నారు?" అని ఆయన అడిగితే, "ఏవో వాడుతున్నానండీ, మంచి రంగులే" అన్నాడు. చిట్టచివర ఇటుక ఎరుపు, అరికాళ్ళ తిమ్మిరికి. పేర్లు అడిగితే ఒక్కటీ చెప్పలేడు. నలభయ్యేళ్ళుగా కంటితో చూసి రంగులు కలుపుతున్న మనిషికి పేర్లతో పనేమిటి? బజారంతా అతన్ని 'కళ్ళ మాస్టారు' అంటుంది.

ఆరో సీసాలోది గులాబి, గుండెకి. అందులోంచి ఒకటి తీసి ఎండకి పట్టి చూశాడు. రోజూ చూస్తాడు. ఎరుపు ఒక చుక్క, పసుపు అర చుక్క. ఎవరు కలిపారో కానీ చెయ్యి తిరిగినవాడే. మింగాక లోపలంతా చీకటే కదా, మరి ఇంత అందం ఎవరి కోసం? ఆ సంగతి ఆలోచిస్తూనే మాత్రని మధ్యాహ్నానికని ఒక ఖాళీ సీసాలో వేసి, చొక్కా జేబులో పెట్టుకుని లేచాడు.

లేవగానే గది ఒకవైపుకి ఒరిగింది. కిటికీ ఊచ పట్టుకుని, గది మళ్ళీ నిటారుగా నిలబడేదాకా ఆగాడు. మూడు వారాలుగా ఇదే వరస. ఇంట్లో చెప్పలేదు. కొట్టు యజమానికి మాత్రం తెలిసిపోయింది. కిందటి సోమవారం ఎత్తు స్టూలు మీదనుంచి జారి, రెండు డబ్బాలతో సహా కిందపడ్డాడు మరి. "పెద్దాయనా, ఇంకొక్కసారి ఇలా అయితే ఇంటిపట్టునే ఉండండి. మీకేమైనా అయితే నేను తట్టుకోలేను" అన్నాడు యజమాని. మంచిగానే అన్నాడు. కానీ ఆ స్టూలు లేకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ కళ్ళని ఏం చేసుకోవాలో అతనికి తెలియదు.

కొట్టులో రంగులు కలిపే మిషను ఉంది. పుస్తకంలో ఉన్న రంగు నంబరు కొడితే అది కలిపిస్తుంది. గోడ పెచ్చో, గుడ్డ పీలికో పట్టుకొచ్చినవాళ్ళు మాత్రం స్టూలు దగ్గరికే వస్తారు. ఆ రోజు వచ్చిన కొత్త జంట చేతిలో అది కూడా లేదు.

"గులాబి కావాలండీ" అన్నాడు అబ్బాయి.

"గులాబి కాదండీ. అంటే గులాబియే, కానీ బొమ్మల కొట్టు గులాబి కాదు" అంది అమ్మాయి.

"కాస్త పసుపు తగలాలా?"

"ఆఁ! కానీ పసుపు కనిపించకూడదు."

ఆ జవాబు అతనికి ఎంతో నచ్చింది. నమూనా కార్డులు పదీ పన్నెండూ పరిచాడు. ఆమె ఒక్కోదానికీ ముక్కు చిట్లించింది.

"మా పెళ్ళయి పదకొండు రోజులండీ. అందులో తొమ్మిది రోజులు ఈ గులాబి కోసమే తిరుగుతున్నాం" అన్నాడు అబ్బాయి. ఫిర్యాదులా లేదు, గొప్ప చెప్పుకున్నట్టుంది.

కళ్ళ మాస్టారు జేబులోంచి సీసా తీసి మాత్రని అరచేతిలో పెట్టుకున్నాడు. "ఇదా?"

"ఇదే, ఇదే!" అమ్మాయి చప్పట్లు కొట్టింది. "ఇదేం పూసండీ?"

"పూస కాదమ్మా. నా గుండె మాత్ర."

"అయితే మన గదికి గుండె రంగు వేస్తున్నాం" అన్నాడు అబ్బాయి. ముగ్గురూ నవ్వారు.

తడి రంగుతో పోల్చడానికి మాత్రని తడపక తప్పలేదు. రంగు కుదిరేసరికి అది కరిగి ముద్దయింది. జంట డబ్బా పట్టుకుని వెళ్ళిపోయాక అతను స్టూలు దిగాడు. మళ్ళీ ఒరుగు. అర పట్టుకుని నిలబడ్డాడు. యజమాని ఫోనులో ఉన్నాడు, చూడలేదు. మధ్యాహ్నం మాత్ర కావాలి కదా అని మెల్లిగా పక్కనే ఉన్న మందులషాపుకి నడిచాడు.

"అమ్మాయ్, ఈ రంగుది ఒకటివ్వు" అని సీసాలో వేసుకొచ్చిన గులాబి ముద్ద చూపించాడు.

మందులషాపామె నడుం మీద చెయ్యి వేసుకుంది. "బాబాయ్ గారూ, రంగు చూసి మందులమ్మితే నన్ను లోపలేస్తారు. పేరు చెప్పండి."

"పేరు నాకేం తెలుసు? నీ దగ్గరున్న గులాబివన్నీ చూపించు. నేను పట్టుకుంటాగా."

సరదాకి ఆమె నాలుగు రకాలు పరిచింది. అతను రెప్ప వెయ్యకుండా మూడోదాన్ని తాకాడు. ఆమె మెచ్చుకోబోయి ఆగిపోయింది.

"ఇది మీరు వాడుతున్నారా? మరి కిందటి నెల నా దగ్గర తెల్లవి తీసుకెళ్ళారు?"

"ఇవి గుండె ఆసుపత్రిలో కొన్నవి. అవీ వేసుకుంటున్నా."

"రెండూనా!"

"రెండూ వేరు కదమ్మా. అది తెలుపు, ఇది గులాబి. కళ్ళు లేవా నీకు?"

ఆమె తెల్లవాటి రేకు కూడా తెచ్చి పక్కన పెట్టి, భూతద్దం అతని చేతికిచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో వేరు వేరు పేర్లు. కింద చీమల్లాంటి అక్షరాల్లో మాత్రం ఒకే పేరు. అతను ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు. ఒకే సరుకు, రెండు కంపెనీలు, రెండు రంగులు. భయం తరవాత వచ్చింది. ముందొచ్చింది ఆశ్చర్యమే.

"తల తిరుగుతోందా?" అడిగిందామె.

అతను కొట్టు వైపు ఓరగా చూశాడు. "ఎవరితోనూ అనకమ్మా."

"ముందు చెయ్యి ఇటివ్వండి." గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. "నలభై నాలుగు. మీ గుండె కునికిపాట్లు పడుతోంది బాబాయ్ గారూ."

ఆమె వెంటనే గుండె డాక్టరుకి ఫోన్ చేసింది. రెంటిలో ఒకటి ఆపెయ్యాలి, వాడే మందులన్నీ రాసుకుని సాయంత్రమే రావాలి అన్నాడాయన. ఏది ఆపాలని ఆమె ఫోనులో అడిగేలోపే, "గులాబి ఉంచమను" అన్నాడు కళ్ళ మాస్టారు. డాక్టరు కూడా తెల్లదే ఆపమన్నాడట.

కబురందుకుని భార్య సీసాల సంచీ, డాక్టర్ల చీటీలు పట్టుకుని పరుగున వచ్చింది. "తల తిరుగుతోందని నాతో ఒక్క ముక్కైనా అన్నారా?"

"అంటే స్టూలెక్కనిచ్చేదానివా?"

ఆమె వెనకే వచ్చిన యజమాని అంతా విన్నాడు. "అంటే వయసు వల్ల కాదన్నమాట! రెండ్రోజులు పడుకుని రండి పెద్దాయనా. ఆ స్టూలు మీదే. పసుపు కనిపించని గులాబి అంటే నా మిషనుకేం తెలుసు?"

అప్పుడు కళ్ళ మాస్టారు కొట్టులోంచి ఒక తెల్లటి అట్ట, రంగులు తెప్పించుకుని, మందులషాపు బల్ల దగ్గరే కూర్చున్నాడు. మాత్ర పక్కన చుక్క, చుక్క పక్కన పేరు. మందులషాపామె చీటీలు చూసి చెబుతుంటే, బడిలో చేరిన పిల్లాడిలా నాలుక బయటపెట్టి, తనే పేర్లు రాశాడు. తొమ్మిది చుక్కలు, ఎనిమిది పేర్లు.

సాయంత్రం డాక్టరు ఆ ఎనిమిదినీ ఆరు చేశాడు. పది రోజులకి గది ఒరగడం మానేసింది. పేర్లన్నీ నోటికొచ్చేశాక, "ఇక నీ దగ్గరుంచమ్మాయ్" అని అట్టని మందులషాపులో ఇచ్చేశాడు. ఆ తరవాత నాలుగు నెలలు, ఒక్క డబ్బా కూడా పడెయ్యకుండా, స్టూలు మీద కూర్చుని రంగులు కలిపాడు. శనివారం కూడా కలిపాడు. ఆదివారం పొద్దున కాఫీ కోసం ఎదురుచూస్తూ, కుర్చీలోనే, కిటికీ వైపు ముఖం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అట్ట మందులషాపు గోడకి వేలాడుతోంది. సంచీల నిండా మాత్రలతో వచ్చే పెద్దవాళ్ళు దాని ముందు నిలబడి, "నాదీ ఈ గులాబిదే" అని వేలు పెట్టి చూపిస్తారు. అక్కడ గులాబి చుక్కనీ పాల తెలుపు చుక్కనీ కలుపుతూ ఒక గీత, గీత చివర వంకర అక్షరాల్లో ఒకే ఒక్క పేరు. రాసేటప్పుడు మరిచిపోయిన అక్షరం ఒకటి, వెనక్కొచ్చి, పైన ఇరుక్కుని కూర్చుంది.