ఏ ఇబ్బందీ లేని కారు

మా మేనకోడలు కాన్పులు చేసే నర్సు. కొండ మీది ఇళ్ల నుంచి ఎప్పుడు ఫోను వస్తే అప్పుడు పరుగెత్తాలి. ఆమె పాత బండి షెడ్డుకే అంకితమైపోవడంతో కొత్త కారు కోసం వెతుకులాట మొదలైంది. రంగూ హంగూ ఎలా ఉన్నా ఫరవాలేదు, దారి మధ్యలో మొరాయించకపోతే చాలునంది.

మా తమ్ముడు వెంటనే ఒక కార్ల పత్రిక తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. వేలమంది యజమానులను అడిగి చేసిన సర్వే అందులో ఉంది. నమ్మకంలో మొదటి స్థానం మావాడి కారు కంపెనీదే. ఆ వేలమందిలో తనూ ఒకడినని, దారిలో ఎప్పుడైనా ఆగిపోయిందా అన్న ప్రశ్నకు గుండెల మీద చెయ్యి వేసుకుని లేదని చెప్పానని అన్నాడు. వాడు అబద్ధమాడడు. అబద్ధానికి కాస్త ఊహ కావాలి. మా ఇంట్లో అదంతా నా వాటాకే వచ్చింది.

కావాలంటే ఓ వారం నడిపి చూసుకోమని తాళాలు కూడా ఇచ్చాడు. బిడ్డను మొదటిరోజు బడిలో దింపినవాడిలా గేటు దాకా కారు వెనకే వచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నమే ఫోను మోగింది. కొండ మీద కలప మిల్లు పక్కింట్లో ఒకామెకు నొప్పులు మొదలయ్యాయి. రెండో కాన్పు. మొదటిసారి రక్తం ఆగక చావు అంచు దాకా వెళ్లి వచ్చిన మనిషి. అంబులెన్సు కొండ అవతలి నుంచి రావాలి, ఆలస్యమవుతుందట. మేనకోడలు సంచి అందుకుంది. సంచి పట్టుకోవడానికైనా పనికొస్తానని నేనూ ఎక్కి కూర్చున్నాను.

వాన పడుతోంది. కారు కిక్కురుమనకుండా కొండెక్కుతుంటే ఆ పత్రికవాళ్ల నోట్లో చక్కెర పోయాలనిపించింది. ఆ మాట పైకి అనేలోపే బండి ఒకసారి గింజుకుంది, మళ్లీ గింజుకుంది, మలుపు నడిమధ్యలో ఊపిరి వదిలేసింది.

ఒక పక్క బండరాయి, ఇంకో పక్క మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల లోయ. మేనకోడలు హ్యాండ్‌బ్రేకు లాగినా చక్రాలు తడి రోడ్డు మీద కాస్త వెనక్కి జారాయి. నేను దూకి రాయొకటి అడ్డం పెట్టాను. ఈ వయసులో దూకానంటే ఎవరూ నమ్మరు గానీ, దూకాను. ఆమె తాళం తిప్పింది. లోపల ఏదో గిరగిరా తిరిగింది తప్ప అంటుకోలేదు. పైనుంచి హారన్ మోత. రోడ్డు మధ్యకు వెళ్లి తువ్వాలు ఊపాను. దుంగల లారీ మమ్మల్ని రాసుకున్నట్టే దిగిపోయింది. దాని డ్రైవరు మా పూర్వీకులందర్నీ పేరుపేరునా తలుచుకుంటూ పోయాడు.

అంతలో ఆమె ఫోను మోగింది. ఆ గర్భిణి భర్త. ఉమ్మనీరు పోయిందని, రక్తం కూడా కనిపిస్తోందని చెప్పాడు. ఎడమ వైపుకు తిప్పి పడుకోబెట్టమని, ఒంటరిగా వదలొద్దని మేనకోడలు చెప్పింది. గొంతు నిదానంగానే ఉంది. ఫోను పెట్టేసి మళ్లీ తాళం తిప్పింది, అంటుకోలేదు. ధైర్యం చెబుదామని, నేను దిగిపోయాక కూడా ఇల్లు చేరిన నా సైకిలు కథ ఎత్తుకున్నాను.

"ఇప్పుడు కాదు మామయ్యా," అంది.

ఆమె సంచి భుజాన వేసుకుని నడకకు సిద్ధమైంది. నడిస్తే చీకటి పడే దారి అది. తమ్ముడిని ఒక్క మాట అడుగుదామని నేనే ఫోను కలిపి, స్పీకరు పెట్టి ఇచ్చాను.

"చిన్న మామయ్యా, కారు ఆగిపోయింది."

"ఆగడమేంటమ్మా, అది ఆగదు."

"ఆగింది. కొండ మలుపులో ఉన్నాం."

"పిట్టగోడ ఉన్న మలుపేనా? మరి దానికి ముందు నువ్వు ఆపలేదా?"

"నేనెందుకు ఆపాలి?"

"నేనెప్పుడూ ఆపుతాగా. దిగి కాసేపు లోయ చూస్తా. పెట్రోలు మూత ఓసారి తిప్పుతా, ఉస్సుమంటుంది. బిగించి వెళ్లిపోతా."

నేను వానలోనే వెనక్కి పరుగెత్తి మూత తిప్పాను. గాలాడక, పెట్రోలు వదలకుండా బిగుసుకున్న ట్యాంకు, ఎన్నాళ్ల దిగులో దించుకున్నట్టు ఉస్సుమంది. ఆమె తాళం తిప్పింది. దగ్గింది, ఆగింది, మళ్లీ తిప్పితే అంటుకుంది. ఫోనులో తమ్ముడు ఇంకా ఉన్నాడు. చూశావా, ఏ ఇబ్బందీ లేదు అంటున్నాడు. ఆమె జవాబివ్వకుండా ఫోను పెట్టేసి, మూత వదులుగానే ఉంచమని నాతో చెప్పింది.

మేం వెళ్లేసరికి బిడ్డ తల కనిపిస్తోందట. నన్ను గుమ్మం బయటే ఆపేశారు. బిడ్డ ఏడుపు వినబడింది. ఆ తర్వాత మేనకోడలు లోపలి నుంచి ఇంకా గుడ్డలు కావాలంది. ఆ భర్త గోడకు నుదురు ఆనించి నిలబడ్డాడు. నాకూ కథలేవీ గుర్తుకు రాలేదు. చాలాసేపటికి మేనకోడలు మోచేతుల దాకా తడితో బయటికొచ్చి, రక్తం ఆగిందని, ఇద్దరూ బాగానే ఉన్నారని అతనికి చెప్పింది. తర్వాత నా పక్కకొచ్చి నాకు మాత్రమే వినబడేలా అంది:

"ఇంకాసేపు ఆ మలుపులోనే ఉంటే ఒక్కరే ఉండేవారు."

తమ్ముడికి నేను చెయ్యాల్సిన సన్మానం చేశాను. వాడు నిజంగానే బిత్తరపోయాడు. కారు ఆగిపోయిందా అని అడిగారు గానీ, నువ్వు ఆపుతావా అని ఎవరూ అడగలేదన్నాడు. మేనకోడలికి వాడి మీద కోపం రాలేదు. ఆ వేలమందిలో ఎంతమంది ఇలా లోయ చూడటానికి దిగుతున్నారో అని మాత్రం అంది.

ఆ వారం చివర మరో కంపెనీ కారు చూడటానికి, దాన్ని వాడుతున్న ఒక పళ్ల డాక్టరు ఇంటికి వెళ్లాం. సర్వేలో అది బాగా కింద ఉంది. బండి ఎలా ఉందని ఆమె ఆయన్ని అడగనే లేదు. మీరు నడపండి, నేను పక్కన కూర్చుని చూస్తానంది. డాక్టరు సంతోషంగా ఎక్కాడు. తలుపు వేశాడు, మళ్లీ తెరిచి గట్టిగా వేశాడు. బెల్టు పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో డాష్‌బోర్డు మీద ఒక్క దెబ్బ వేసి తాళం తిప్పాడు.

"ఆ దెబ్బ ఎందుకండీ?" అంది మేనకోడలు.

"ఏ దెబ్బ?" అన్నాడాయన.