వెర్నా పెట్టెలో మా యంత్రం

మా మార్లిస్ ఆదివారం వచ్చిందంటే కార్సన్ సిటీలో వెర్నా స్టోల్ ఇంట్లోనే ఉంటుంది. ఆవిడ గ్యారేజీ నిండా పాతకాలపు స్లాట్ మెషీన్లు, నాణెం వేసి ఆడే జూదం పెట్టెలు. వాటిని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించడం మా అమ్మాయి ఆవిడ దగ్గరే నేర్చుకుంది. దారంతా మంచు. మెషీన్లో స్ప్రింగు తెగి కంట్లో తగిలితే ఎవరిది పూచీ? అది తిరిగి మా ఊరు రీనో చేరేదాకా నాకు కాలూచెయ్యీ ఆడదు.

తన ఇంటికి పోయేముందు నా దగ్గర భోజనానికి ఆగి, మొదలుపెడుతుంది. జూదం కూడదన్న ఊళ్ళలో షికాగో తయారీదారులు మెషీన్ పక్కన చూయింగ్ గమ్ గొట్టం బిగించి, ఇది గమ్ అమ్మే పెట్టె అని దబాయించేవారట. చక్రాల మీద పళ్ళ బొమ్మలు ఆ గమ్ రుచులకి గుర్తుగా వచ్చినవేనట. ప్రతి ముద్దకీ వెర్నా చెప్పింది, వెర్నా చెప్పింది. నేను వండిన గొర్రెమాంసంలో ఉప్పు సరిపోయిందో లేదో మాత్రం చెప్పదు.

మా ఇంట్లోనూ ఒక మెషీన్ ఉంది. పోయిన మా ఆయన హెరాల్డ్, ఒక బారు మూసేస్తుంటే కొన్నాడు. మొన్న వస్తూనే మార్లిస్ దాని వెనక తలుపు తీసి టార్చి వేసింది. పెట్టె మీద ఒక నంబరు, లోపలి యంత్రం మీద ఇంకొకటి; రెండూ ఒకటే ఉండాలట. వెర్నా మెషీన్లో సరిగ్గా తిరగేసి ఉన్నాయట. ఏనాడో మరమ్మతు చేసినవాడు రెండూ ఒకేసారి విప్పి, అటుది ఇటు పెట్టేశాడన్నమాట. యంత్రాలు మార్చుకుంటే రెండూ షికాగోలో పుట్టినప్పటిలా అవుతాయని దాని ముఖం వెలిగిపోయింది.

నాకు ఒళ్ళు మండింది. కూతురు చాలక మొగుడి వస్తువు కూడా కావాల్సివచ్చిందా ఆవిడకి? ఇవ్వనన్నాను. అంతగా ఆవిడే అమ్మయితే అక్కడే ఉండిపొమ్మన్నాను.

మార్లిస్ టార్చి ఆర్పింది.

"ఆవిడ అడగలేదమ్మా, నేనే అడిగాను. అక్కడ దగ్గితే దగ్గనిస్తారు. ఇక్కడ దగ్గితే డాక్టరు దగ్గరికి పదమంటావు."

ఆ మాటతో తన ఇంటికి వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నిజంగానే సామాను సర్దుకుని అక్కడికి వెళ్ళిపోతుందేమోనని నాకు అన్నం సహించలేదు. చివరికి నేనే వెర్నాకి ఫోన్ చేశాను. మార్చుకుందాం, కానీ మా వంటింటి బల్ల మీదే అన్నాను.

తన యంత్రాన్ని బొంతలో చుట్టి తెచ్చింది వెర్నా. ఎంత వగలాడో అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చూస్తే బక్కపలచని మనిషి, తలంతా నెరిసింది. అయినా నా అక్కసు తగ్గలేదు. మార్లిస్ తలెత్తకుండా చెయ్యి చాపితే, అడక్కుండానే ఆ చేతికి కావలసిన స్క్రూడ్రైవర్ అందించింది వెర్నా. ఇన్నేళ్ళు పెంచాను, ఆ చెయ్యి ఏమడుగుతోందో నాకు తెలియలేదు.

వెర్నా యంత్రం మా పెట్టెలో బిగించాక హెరాల్డ్ యంత్రాన్ని బొంతలో చుట్టారు. వచ్చే ఆదివారం కార్సన్ సిటీలో ఆవిడ పెట్టెలో బిగిస్తారట.

"నేనూ వస్తాను," అన్నాను.

"కాపలాకా, లొరెట్టా?" అంది వెర్నా.

"అవును."

వెర్నా నవ్వింది. మార్లిస్ నవ్వలేదు, వద్దనలేదు. నూనె చేతులు తుడుచుకుంటూ, "కారెక్కాక బ్రేకు, బ్రేకు అనకూడదు," అంది.

అననన్నాను.