తలుపు చాటు పడక

2020 నవంబరు పంతొమ్మిది, ఉదయం పదకొండు గంటలకి గోర్నా ర్యాకా ఆసుపత్రిలో మిగిలిన ఒక్క వెంటిలేటరు పడకను రలిట్సా పక్క జిల్లా రోగికి కేటాయించింది. బల్గేరియా ఆసుపత్రుల్లోని కోవిడ్ పడకలన్నీ ఒకే తెరమీద కనిపించే గదిలో, రాజధాని సోఫియాలో, ఆమె ఉద్యోగం. ఖాళీ ఎక్కడుందో చూసి అంబులెన్సును అటు పంపడం ఆమె పని.

నెల కిందటి దాకా ఆ పడక తెరమీద లేదు. చిన్న పట్నాల ఆసుపత్రులు ఒక పడకను లెక్కలో చూపించకుండా అట్టిపెట్టుకునేవి. తమ డాక్టరుకో, నర్సుకో, ఊళ్ళోవాళ్ళకో అవసరపడుతుందని. దాన్ని తలుపు చాటు పడక అనేవాళ్ళు. రలిట్సా పుట్టి పెరిగింది గోర్నా ర్యాకాలోనే. అక్కడి హెడ్ నర్సు త్స్వేతానా వాళ్ళ పక్కింటావిడ. ఆ చనువుతో ఫోన్ చేసి, పడకను లెక్కలో చూపించమని అడిగింది. చోటు దొరక్క అంబులెన్సుల్లోనే పోతున్నవాళ్ళ సంగతి చెప్పింది. సోఫియా నీళ్ళు బాగా ఒంటబట్టాయని త్స్వేతానా దెప్పింది. రేపు మీవాళ్ళే వస్తే ఏం చేస్తావని అడిగింది. అందరితోపాటే వరసలో ఉంటారంది రలిట్సా. త్స్వేతానా పడక చూపించింది.

ఆవేళ పన్నెండు దాటాక త్స్వేతానా ఫోన్ చేసింది. రలిట్సా నాన్న మెతోదిని ఎదురింటివాళ్ళు కారులో ఆసుపత్రికి తీసుకొచ్చారు. నాలుగు రోజులుగా జ్వరమట. అమ్మాయికి చూసుకోడానికి దేశమంతా ఉంది, నా గొడవెందుకు, చెప్పొద్దన్నాడట. ఆక్సిజన్ అరవై ఎనిమిదికి పడిపోయింది.

"నువ్వు పంపినాయన ఇంకా దారిలోనే ఉన్నాడు," అంది త్స్వేతానా. "వెంటిలేటరు చెడిపోయిందని రాసేస్తా. నువ్వు ఊఁ అనక్కర్లేదు. ఊరుకో చాలు."

రలిట్సా తెర చూసింది. ఖాళీ ఇంకొక్కటే ఉంది, లెవెనోవోలో. రెండున్నర గంటల దారి. దారిలో ఉన్న అంబులెన్సుకి ఫోన్ చేసి, అటు తిప్పగలరా అని అడిగింది. తమ సిలిండరు గోర్నా ర్యాకా దాకా వస్తే గొప్పన్నాడు డ్రైవరు. ఆ రోగికి నలభై ఒక్క ఏళ్ళు.

మళ్ళీ త్స్వేతానాకి చేసింది.

"నాన్న మాట్లాడుతున్నాడా పిన్నీ?"

"ఆఁ. మిరపకాయలు కాల్చి జాడీలకెత్తాడట. నీకెవరి చేతైనా పంపమంటున్నాడు."

"నిండు సిలిండరు పెట్టి లెవెనోవో పంపించు. అక్కడి పడక నాన్న పేర పెడుతున్నా."

"నీకు చేతులెలా వస్తున్నాయే?"

రలిట్సా లెవెనోవో పడక మీద మెతోది పేరు ఎక్కించింది. త్స్వేతానా ఫోన్ పెట్టేయలేదు. కాసేపటికి స్ట్రెచరు చక్రాల చప్పుడు వినిపించింది. ఎవరో దగ్గుతున్నారు. చప్పుడు దూరమయ్యేదాకా రలిట్సా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుంది.

ఒంటిగంటకి గోర్నా ర్యాకా పడక నిండినట్టు తెరమీద పడింది.

మూడు కావస్తుండగా మెతోదిని తీసుకెళ్తున్న అంబులెన్సు డ్రైవరు ఫోన్ చేశాడు. లెవెనోవో ఇంకా పాతిక కిలోమీటర్లుందనగా ఆయన పోయాడని చెప్పాడు. మాట్లాడుతున్నది కూతురని అతనికి తెలీదు. ఎక్కడికి తీసుకెళ్ళమంటారని అడిగాడు.

గోర్నా ర్యాకాకే తీసుకెళ్ళమంది.

మూడు దాటాక లెవెనోవో పడక మీద మెతోది పేరు తీసేసింది. దాన్ని వరసలో తర్వాత ఉన్న అరవై రెండేళ్ళ ఆమెకు కేటాయించింది.