పనస చెక్కతో లేచిన విమానం

నేను ఒక విమానపు పంకాను. ఐదు మూరల పొడవు, రెండు రెక్కలు, మధ్యలో ఇరుసుకు తొలిచిన రంధ్రం. పుట్టింది బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో, వీణలు చేసే అప్పలాచారి పెరట్లో. ఎక్కడో అమెరికాలో సైకిళ్ళు బాగుచేసుకునే అన్నదమ్ములిద్దరు యంత్రం మీద గాలిలోకి లేచి అప్పటికి ఎనిమిదేళ్ళు కూడా కాలేదు. ఆ సంగతి మా పల్లెలో ఎవరికీ తెలియదు. మాకు తెలిసిన ఎత్తల్లా తాటిచెట్టే.

అంతకుముందు నేను పనస దుంగను. తన జన్మకల్లా మేలైన వీణ నాలోంచి తియ్యాలని అప్పలాచారి నన్ను పన్నెండేళ్ళు అటక మీద ఆరబెట్టాడు. ఏడాదికోసారి దించి, తుడిచి, వేలి కణుపుతో తట్టి విని, ఇంకా కాలేదని మళ్ళీ ఎక్కించేవాడు. "ఆ మొద్దుకి చేసిన సేవ దేవుడికి చేసుంటే ఈపాటికి ప్రత్యక్షమైపోయేవోడు" అనేది ఆయన భార్య సింహాచలం.

1911 జనవరిలో ఒక ఫ్రెంచి దొర విమానాన్ని విడగొట్టి, పెట్టెల్లో పెట్టి, రైలు మీద విజయనగరం తెచ్చాడు. పేరు దువెన్యే. వారం తిరక్కుండా జనం నోట దువ్వెన దొర అయ్యాడు. ఆయనది నున్నటి బట్టతల కావడం వల్ల ఆ పేరు ఎవరూ మరిచిపోలేదు. మైదానంలో విమానాన్ని బిగించి నేల మీద నడిపి చూస్తుంటే చక్రం చీమల పుట్ట ఎక్కింది. యంత్రం వెనక్కి ఒరిగి, వీపున తిరిగే పంకా నేలకు తగిలి ముక్కలైంది. కొత్తది ఓడలో రావాలంటే రెండు నెలలు. ఎగురుతానని ఊరూరా చాటించిన రోజుకు ఇంకా పదిరోజులే ఉంది.

దొరకు దుబాసీ పని చేస్తున్న తంతి మాస్టరు కూర్మనాథం ఊళ్ళో వడ్రంగులందర్నీ అడిగాడు. తలుపులు, బళ్ళు చేసేవాళ్ళు ఆ వంపు చూసి దండం పెట్టారు. అప్పుడాయన దొరనూ, విరిగిన ముక్కల్నీ వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చాడు.

అప్పలాచారి ముక్కల్ని చాప మీద పేర్చి, వంపు వెంట అరచెయ్యి నడిపి చాలాసేపు చూశాడు. "చెయ్యొచ్చు బాబూ. రెండేపులా ఒకే బరువుండాల, ఒకే వొంపుండాల. మరిది ఏటి చేస్తాదండీ?"

"ఇది తిరిగి గాలిని వెనక్కి తోస్తుంది. దాంతో విమానం ముందుకు పరిగెత్తుతుంది. పరుగు పెరిగితే పైకి లేస్తుంది" అన్నాడు కూర్మనాథం.

"దాని మీద మనిషుంటాడా?"

"ఈ దొరే ఉంటాడు."

అప్పలాచారి దొరను ఎగాదిగా చూసి సరేనన్నాడు.

ఐదు రోజుల్లో వేరే దుంగతో పంకా చేశాడు. నడుమ రంధ్రంలో ఇనపచువ్వ దూర్చి వేలాడదీస్తే ఏ పక్కకీ వాలకుండా నిలిచింది. దొర ఆయన్ని కావలించుకుని, ఎల్లుండి వచ్చి తీసుకుపోతానని వెళ్ళాడు. అందరూ పోయాక ఆచారి రెండు రెక్కల్నీ తట్టి చూశాడు. ఒకటి ఖంగుమంది. ఇంకోటి గొంతు పట్టేసినట్టు పలికింది. ఆయన మొహం వాడిపోయింది.

"దొరకి నచ్చింది గదా, మరేటి?" అంది సింహాచలం.

"లోపల చీలికుంది. నాకు ఇనబడతంది."

"మరయితే నువ్వెక్కుతావా దాని మీద?"

ఆయన పంకాను చువ్వ మీంచి దించాడు. రంపం తీసుకుని దాన్ని రెండుగా కోసేశాడు. తరువాత అటకవైపు చూస్తూ నిలబడ్డాడు. సింహాచలమే నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది.

"నానేటీ అన్లేదు. నువ్వే అటేపు చూస్తన్నావు" అంది.

అలా నేను కిందికి దిగాను. గొడ్డలి దెబ్బ పడ్డప్పుడు నాకు కోపమే వచ్చింది, దాచుకోను. తీగల కోసం పన్నెండేళ్ళు ఎదురుచూసిన దుంగను నేను. కాని మూడు రోజులు ఆయన తిండీ నిద్రా సగం చేసుకుని నన్ను చెక్కుతుంటే ఆ కోపం నిలవలేదు. నా ఒక్కో రెక్కనూ రోజుకు పదిసార్లు తట్టి వినేవాడు. వీణలు చేసేటప్పుడు అన్నిసార్లు తట్టడం నేనెన్నడూ చూడలేదు.

నడుమ వచ్చిన దొర, కోసేసిన పంకాను చూసి మొదట మండిపడ్డాడు. అప్పలాచారి దాని రెండు ముక్కల్నీ ఒకదాని తరువాత ఒకటి తట్టి వినిపించాడు. దొరకు తెలుగు రాదు. అయినా విన్నాడు, మళ్ళీ విన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

నన్ను బిగించిన రోజు మైదానం చుట్టూ ఎద్దుబళ్ళే. దొర ఎక్కబోతుండగా అప్పలాచారి కూర్మనాథం దగ్గరికి వచ్చాడు.

"నానూ ఎక్కుతానని చెప్పండి బాబూ. నా చేతి పని మీద ఇంకోడి పేణం పెట్టి, నాను కింద నిలబడ్నేను."

దొర తన వెనక ఉన్న చిన్న పీట చూపించాడు. సింహాచలం ముందుకొచ్చింది. మొగుడి పైపంచె నడుముకు బిగించి కట్టి, "కిందకి సూడకు" అంది.

ఇంజను రేగింది. నేను తిరిగాను. మొదటిసారి మైదానం చివరిదాకా పరిగెత్తి ఆగిపోయాం. జనం నవ్వారు. రెండోసారి నాకు గాలి చిక్కింది, నీటిలో ఈతగాడి చేతికి నీరు చిక్కినట్టు. చక్రాల గలగల ఆగిపోయింది. నేల దిగిపోయింది. రెండు తాటిచెట్ల ఎత్తున మైదానాన్ని రెండు చుట్లు తిరిగాం. మొదటి చుట్టు అప్పలాచారి కళ్ళు మూసుకుని, నా మోతలో తేడా వస్తుందేమోనని చెవులు రిక్కించాడు. రాలేదు. రెండో చుట్టులో కళ్ళు తెరిచాడు.

దిగాక జనం ఆయన్ని తాకి చూశారు. సింహాచలం మెల్లిగా దగ్గరికొచ్చి అడిగింది: "ఏటి కనబడింది?"

"నువ్వే. ఎర్ర కోక గదా, బేగి దొరికీసినావు."

రెండు నెలలకు ఫ్రాన్సు నుంచి పంకా వచ్చింది. దొర కలకత్తా వెళ్తూ నన్ను అప్పలాచారికి ఇచ్చేశాడు. ఆయన పోయేదాకా పనిశాల గోడ మీద ఉన్నాను. తరువాత ఆయన కొడుకు నన్ను కాలేజీ సైన్సు గదికి ఇచ్చాడు. అక్కడ నన్నెవరో అద్దాల బీరువాలో పెట్టి, అట్ట ముక్క మీద 'పాత పడవ తెడ్డు' అని రాశారు. తెలియనిదానికి కూడా పేరు పెట్టకుండా మనుషులు ఉండలేరు. పడవ ఎరగని నేను పదమూడేళ్ళు తెడ్డునై బతికాను. కుర్రాళ్ళు నా ముందు నిలబడి నది పేరేమిటని వాదించుకునేవారు.

పదమూడో ఏడు అప్పలాచారి మనవరాలు వరహాలు ఆ కాలేజీలో చేరింది. చూడ్డానికి సింహాచలం కూడా వచ్చింది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, అట్ట మీద ఏముందో మనవరాలి చేత చదివించుకుంది. మార్చమని నౌకర్ని అడిగితే ప్రిన్సిపాలుగారి సెలవు కావాలన్నాడు.

"సెలవు మీరు తరవాత తెచ్చుకోండి బాబూ" అని ఆవిడ బీరువా తీసి, అట్టను తిప్పి మనవరాలి చేతికిచ్చింది. "రాయవే. దీన్ని కట్టుకుని ఇద్దరు మనుషులు ఎగిరినారు. చూసినదాన్ని నాను. కింద నా పేరు ఎయ్యి."